చెట్టు తల నరకబాకండి

(తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన యువకులు, మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం చూసి ఒకరిద్దరు నవ్వుకున్నారని తెలుసు. పొద్దుట్నుంచీ భూమి గురించి, కూలి గురించి, కేసుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడీయన లేచి వేపచెట్టు గురించి చెబుతాడంట, ఇది ఉద్యమమా వనమహోత్సవమా అని. వనమహోత్సవం కాదు. మంత్రిగారు కారు దిగి, మొక్క నాటి, ఫొటో దిగి పోతాడే, ఆ పని గురించి నేను మాట్లాడ్డం లేదు. ఆ మొక్క నెలకి మేకల పాలు. ఇప్పటికే మన ఇళ్ళ మధ్య నలభై ఏళ్ళో, యాభై ఏళ్ళో, కొన్నిచోట్ల మన తాతల నాటి నుంచో నిలబడి ఉన్న చెట్లున్నాయి. వేప, చింత, కానుగ, నిద్రగన్నేరు, తాడి. వాటిని మనమే భయపడి మన చేత్తో చంపుకుంటున్నాం. ఆ సంగతి చెప్పడానికి లేచాను.

నేనేమీ శాస్త్రవేత్తని కాను. మా నాయన గొడ్డలి పట్టినోడు. ఊళ్ళో ఎవరి దొడ్లో కొమ్మ కొట్టాలన్నా, మాను పడగొట్టాలన్నా, చిల్లకంపతో కంచె కట్టాలన్నా మా పల్లెకే కబురొచ్చేది. చిన్నప్పుడు తాడు పట్టుకుని కింద నిలబడటం నా పని. తర్వాత నేనూ ఎక్కాను. ఎక్కి చేసింది కొంత, తర్వాత చదివి తెలుసుకుంది కొంత. రెండూ కలిపి చెబుతాను.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలి గంటకి తొంభై నుంచి వంద కిలోమీటర్లు. చెట్లు కూలినయ్, స్తంభాలు కూలినయ్, రేకులు లేచిపోయినయ్. ఆ తర్వాత పల్లెల్లో ఏం జరిగిందో మీరే చూశారు. ఇంటి పక్కన ముసలి వేప ఉందంటే చాలు, మళ్ళీ తుఫానొస్తే మన మీద పడుద్దేమో అని మనిషిని పిలిచి, నిలువెత్తున మోడు చేసి వదిలిపెట్టారు. పదిహేనడుగుల ఎత్తులో మాను తల నరికేసి, కొమ్మలన్నీ తెగ్గొట్టి, మొండెం మిగిల్చారు. ఎందుకయ్యా అంటే, ఇక భయం లేదు అన్నారు. భయం పోలేదు, భయాన్ని ఐదారేళ్ళు వాయిదా వేశారంతే. ఎట్లాగో చెబుతాను. దానికి ముందు ఇంకో మాట చెప్పాలి, ఈ చెట్టు మనకేమవుద్దో.

ఊళ్ళో రచ్చబండ ఉంటది. రావిచెట్టో వేపచెట్టో, దాని చుట్టూ రాతి అరుగు. అది ఊరిది. మన పెద్దాళ్ళు ఆ అరుగు మీద కూర్చోలేదు. పిలిస్తే పోయి దూరంగా ఎండలో నిలబడి, చెప్పింది విని వచ్చారు. ఆ చెట్టు నీడకి కూడా కులం ఉంది. అంచేత మన పల్లెలో మనం పెంచుకున్న చెట్టు వట్టి చెట్టు కాదు, అది మన రచ్చబండ. సంఘం మీటింగు దాని కిందే, పెళ్ళి మాటలు దాని కిందే, రాత్రి బడి దాని కిందే, శవం లేచేదాకా జనం కూర్చునేది దాని కిందే. 1917లో బరోడాలో అంబేద్కర్‌ను కులం చూసి సత్రం నుంచి వెళ్ళగొడితే, అంత చదువు చదివి వచ్చినాయన రైలు వేళ దాకా పోయి కూర్చున్నది కామాటీ బాగ్ అనే తోటలో. ఆ తోటలో ఆయన కూర్చున్నాడని చెప్పే మర్రిచెట్టు చోటుని జనం ఇప్పుడు సంకల్ప భూమి అంటారు. నాలుగు గోడల మధ్య చోటివ్వని దేశంలో మన వాళ్ళకి చెట్టు కిందే చోటు దొరికింది.

ఎండ సంగతి కూడా చూడండి. 2015 మే నెల ఎండలకి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. చచ్చింది ఎవరు? ఏసీ గదుల్లో ఉన్నోళ్ళా? పొలంలో, రోడ్డు మీద, బట్టీల దగ్గర పని చేసినోళ్ళు, రేకుల ఇళ్ళల్లో పడుకున్న ముసలాళ్ళు. కాలనీ ఇల్లు అంటే ఒక గది, పైన రేకో పల్చటి స్లాబో. మధ్యాహ్నం అందులో మనిషి ఉండలేడు. ఇంటి ముందు వేప ఉంటేనే ముసలమ్మ మంచం వేసుకుని బతుకుద్ది. ఆ వేప తల నరికితే ఆమె ఎక్కడికి పోవాలి?

ఇంకొకటి. మన పల్లెల్లో చాలా ఇళ్ళకి పట్టాలు లేవు. పోరంబోకు అంటారు, డొంక అంటారు, కాలవ గట్టు అంటారు. ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నార్రా అని అడిగితే చూపించడానికి కాయితం ఉండదు. చెట్టు ఉంటది. మా తాత నాటిన చింత ఇదుగో అని చూపించగలిగింది అదొక్కటే. రోడ్డుకనో, ఫ్యాక్టరీకనో ఇంటి స్థలం తీసుకుంటే, 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమికి వేరే, చెట్టుకి వేరే విలువ కట్టాలి. చెట్ల విలువ తేల్చడానికి తెలిసిన మనిషిని పెట్టుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. మోడుకి ఎవడు విలువ కడతాడు? అంచేత ప్రతి పల్లెలో పెద్ద చెట్లన్నిటినీ ఇంటి యజమానితో కలిపి ఫొటో తీసి, మాను చుట్టుకొలత టేపుతో కొలిచి, తారీఖు వేసి ఒక పుస్తకంలో రాసి పెట్టండి. డిగ్రీ చదివే పిల్లలకి ఒక ఆదివారం పని.

1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి చంపితే, బతికిన జనం చీరాలకి పోయి అక్కడ విజయనగర్ కాలనీలో కొత్తగా ఇళ్ళు కట్టుకోవాల్సి వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపినప్పుడు ఇదే తెనాలికి వచ్చి తలదాచుకున్నారు. పిల్లల్ని చంకనేసుకుని రావచ్చు, గిన్నెలు మూట కట్టుకోవచ్చు. ఇంటి ముందు చెట్టుని తెచ్చుకోలేం. కొత్త కాలనీలో మళ్ళీ నీడ రావాలంటే ఇరవై ఏళ్ళు పడుద్ది.

సరే, ఇప్పుడు చెట్టు దగ్గరికి వద్దాం.

చెట్ల గురించి రాసే పుస్తకాల్లో ఎక్కువగా మెట్ట ప్రాంతం సంగతే ఉంటది. కొండవీడు కింద, ఫిరంగిపురం వైపు పల్లెల్లో చెట్టు దప్పికతో చస్తది. రాతినేల, నీళ్ళు లోతు. అక్కడ ముసలి చెట్టుకి వేసవిలో నాలుగు బిందెలు నీళ్ళు పోస్తే నిలబడుద్ది. మన దగ్గర సంగతి వేరు. మనది కృష్ణ కాలవల కింద డెల్టా. మన చెట్టు ఎక్కువగా నీళ్ళు నిలబడి చస్తది, గాలికి పడిపోయి చస్తది. అందులోనూ పల్లె ఎక్కడుంటది? ఊరికి పల్లాన, మురుగు కాలవ పక్కన. ఊరి నీళ్ళన్నీ దిగేది మన మీదికే.

మళ్ళీ ఈ మూడు చోట్లా నేల ఒకటి కాదు. తెనాలి చుట్టూ నల్లరేగడి. వానకి ఉబ్బుద్ది, ఎండకి పగులుద్ది. ఆ నెర్రెల్లో సన్నటి వేళ్ళు పుటుక్కున తెగుతయ్. బాపట్ల నుంచి సూర్యలంక వైపు పోతే ఇసక. అందులో వేళ్ళు సులువుగా పోతాయి గానీ పట్టు తక్కువ, తేమ నిలవదు. రేపల్లె కింద, నిజాంపట్నం వైపు పోతే ఉప్పు. ఉప్పునీళ్ళ పైన మంచినీళ్ళు పల్చటి పొరగా ఉంటే వేరు ఆ పొర దాటి కిందికి పోదు. మాను పైకి ఎంత ఎత్తు పెరిగినా కింద వేరు పళ్ళెంలాగా పరుచుకుని ఉంటది. అట్లాంటి చోట నిద్రగన్నేరు లాంటి గొడుగు చెట్టు గాలికి వేళ్ళతో సహా లేచి పడుద్ది. ఎర్ర తురాయి కూడా అంతే, పైగా కొమ్మ పెళుసు. చింత, కానుగ గట్టివి. తాడి సంగతి చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో ఏటికి అవతల దివిసీమలో పదివేలమందికి పైగా పోయారు. తాటిచెట్టుని వాటేసుకుని, తుమ్మచెట్టుని పట్టుకుని బతికినోళ్ళు కథలు కథలుగా చెప్పారు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్నంలో వేలాది చెట్లు కూలినయ్. అప్పుడు తెలిసొచ్చింది ఏ చెట్టు ఎక్కడ వెయ్యాలో. వేసేటప్పుడు ఎవడూ అడగడు, పడ్డాక అందరూ చెబుతారు.

ఇప్పుడు తల నరకడం. నరికిన చెట్టు వెంటనే చావదు. అదే మనల్ని మోసం చేస్తది. ఆకు మొత్తం పోయింది గాబట్టి, తిండి లేక, ఉన్న శక్తంతా పెట్టి నరికిన చోట గుత్తులు గుత్తులుగా పిలకలు వేస్తది. రెండేళ్ళలో మళ్ళీ గుబురు. అబ్బో, చెట్టు బతికింది అనుకుంటాం. కానీ మామూలుగా పుట్టిన కొమ్మ మాను లోపల్నుంచి, చిన్నప్పట్నుంచి కలిసి పెరిగింది. ఈ పిలక బెరడుకి కాస్త లోపల్నుంచి పుట్టి పైన అతికించినట్టు ఉంటది. మరోపక్క నరికిన మాను పైన పళ్ళెమంత గాయం. అందులో వాన నీళ్ళు దిగి, బూజు పట్టి, పైనుంచి కిందికి పుచ్చు దిగుద్ది. ఐదారేళ్ళు పోయేసరికి తొడ లావు పిలకలు, వాటి కింద పుచ్చిపోయిన మాను. అప్పుడు గాలొస్తే ఏమవుద్ది? భయపడి నరికింది దేనికో అదే జరుగుద్ది.

మా మాదిగ పల్లెల్లో తోళ్ళు ఊనినోళ్ళకి ఒక విషయం బాగా తెలుసు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క కొట్టుకొచ్చి లందలో వేసేవాళ్ళు. చెక్క ఒక పక్క కొడితే చెట్టు బతుకుద్ది, చుట్టూ ఉంగరంలాగా ఒలిస్తే చెట్టు నిలువునా ఎండిపోద్ది. ఎందుకంటే చెట్టు ప్రాణం నడిమధ్యలో లేదు. బెరడు కింద తడిగా, పల్చగా ఉండే పొరలో ఉంది. లోపలి చేవ చెట్టుని నిలబెట్టే గుంజ మాత్రమే. దీన్ని అంటరాని పని అన్నారు గానీ, చెట్టు శరీరం గురించి కాలేజీల్లో చెప్పే పాఠం ఆ లంద దగ్గరే ఉంది.

అమెరికా అటవీశాఖలో అలెక్స్ షైగో అని ఒక శాస్త్రవేత్త ఉండేవాడు. వేలాది చెట్లని రంపంతో నిలువునా చీల్చి లోపల పుచ్చు ఎట్లా పాకుద్దో చూశాడు. ఆయన తేల్చింది ఏందంటే, మనిషి గాయం మానినట్టు చెట్టు గాయం మానదు. మన ఒంట్లో చెడిన కండ పోయి కొత్త కండ వస్తది. చెట్టుకి అట్లా రాదు. అది గాయం చుట్టూ లోపల గోడలు కట్టుకుని పుచ్చుని అక్కడే బంధిస్తది, పైనుంచి కొత్త చెక్కతో మూసుకొస్తది. ఆ సంగతి ఆయన అచ్చు వేసింది మనకి ఉప్పెన వచ్చిన 1977లోనే. దీనివల్ల మనకి రెండు విషయాలు తెలుస్తయ్. మొదటిది, ఎక్కడ కోస్తే చెట్టు గోడ కట్టుకోగలదో అక్కడే కొయ్యాలి. రెండోది, గాయానికి తారు పూసినా పేడ పూసినా ఒరిగేదేమీ లేదు. తారు కింద తడి నిలబడి పుచ్చుకి ఇంకా మేలు చేస్తది. తొర్రలో సిమెంటు నింపబాకండి. చెట్టు గాలికి ఊగుద్ది, సిమెంటు ఊగదు, మధ్యలో ఒరుసుకుని లోపలి గోడ చెడుద్ది.

ఎక్కడ కొయ్యాలి? కొమ్మ మానులో కలిసే చోట జాగ్రత్తగా చూడండి. చేతికి గాజు తొడిగినట్టు ఒక ఉబ్బు ఉంటది. పైన ఆ పంగలో బెరడు ముడత పడి ఉంటది. ఆ గాజు మానుది, కొమ్మది కాదు. దాన్ని ముట్టుకోకుండా, దాని అంచున కొయ్యాలి. మానుకి సమంగా నున్నగా చెక్కేస్తే గాజు పోద్ది, గోడ కట్టే శక్తి పోద్ది. అట్లాగని జానెడు మొండి వదిలితే ఆ మొండి ఎండి, పుచ్చి, లోపలికి దారి ఇస్తది. సరిగ్గా కోసిన చోట ఏడాది తిరిగేసరికి చుట్టూ పెదవిలాగా కొత్త చెక్క లేస్తది. దాన్ని చూస్తే కోసినోడి పనితనం తెలుస్తది.

పెద్ద కొమ్మని ఒక్క వేటుతో కొయ్యకూడదు. సగం తెగేసరికి బరువుకి వంగి, కింద బెరడు మాను దాకా చీరుకుపోద్ది. అందుకే మూడు కోతలు. మాను నుంచి మూరెడు దూరంలో ముందు కిందనుంచి, మూడోవంతు లోతు. తర్వాత అక్కణ్ణుంచి నాలుగు వేళ్ళు బయటికి జరిగి పైనుంచి. కొమ్మ చీలకుండా విరిగి పడుద్ది. అప్పుడు మిగిలిన మొండిని గాజు అంచున తీరిగ్గా కోసెయ్యి. ఇది రంపం పని, గొడ్డలి పని కాదు. గొడ్డలి చెక్కని నలగ్గొడుద్ది. మా నాయన జీవితమంతా గొడ్డలితోనే చేశాడు, ఎందుకంటే రంపం కొనే డబ్బు లేదు, నరికించుకున్నోడికి చెట్టు బతకాల్సిన అవసరమూ లేదు, వాడికి కట్టెలే కావాలి.

ఎంత కొయ్యాలి? ముందు ఎండు కొమ్మలు, పుచ్చు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి. ఇల్లు మీదికి చాచిన పెద్ద చెయ్యి ఉంటే దాని చివర్లు వెనక్కి, ఇంకో గట్టి పక్కకొమ్మ దాకా. లోపలి చిన్న కొమ్మలన్నీ దువ్వేసి చివర్లో మాత్రం కుచ్చు మిగల్చబాకండి. బరువంతా చివరికి చేరి కొమ్మ విరుగుద్ది. పచ్చటి ఆకులో నాలుగో వంతుకి మించి ఒక ఏడు తియ్యొద్దు. ముసలి చెట్టయితే అందులో సగం చాలు. ముసలి మనిషికి ఎక్కువ నెత్తురు తీస్తే ఏమవుద్ది, ఇదీ అంతే. పని ఎక్కువుంటే మూడేళ్ళు చెయ్యండి.

ఎప్పుడు? తుఫాను హెచ్చరిక వచ్చాక కాదు. మనకి తుఫాన్లు మేలో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒకసారి. 1990 మేలో వచ్చింది మర్చిపోలేదు గదా. వేపకి సంక్రాంతి దాటాక, పండుటాకు రాలి చిగురు ఇంకా రాని రోజుల్లో. ఉగాది పూతకి ముందే అయిపోవాలి, ఎందుకంటే జూన్, జూలైల్లో వేపకాయ ఏరి అమ్ముకునేది మన ఆడవాళ్ళు. చింతకి కాయ దులిపాక.

వేప తెగులు సంగతి కూడా చెప్పాలి. 2021 చివర్లో తెలంగాణలోనూ మన దగ్గరా వేపచెట్లు పైనుంచి కిందికి ఎండుకుంటూ వచ్చినయ్. మాడిపోయినట్టు అయినయ్. దేవుడికి కోపం వచ్చిందన్నోళ్ళు ఉన్నారు, సెల్ టవర్ వల్లన్నోళ్ళు ఉన్నారు. అసలు సంగతి ఒక బూజు, దానికి తోడు లేతకొమ్మ రసం పీల్చే టీ దోమ. దోమ గుచ్చిన చోట బూజు లోపలికి పోద్ది. అప్పుడు చాలామంది చెట్టు చచ్చిపోయిందని నరికేశారు. నరకకుండా ఊరుకున్నోళ్ళ చెట్లు చాలావరకు తర్వాతి వేసవికి మళ్ళీ చిగురించినయ్. ఇప్పటికీ వానలు వెనకబట్టాక కొన్నిచోట్ల మళ్ళీ కనపడుద్ది. కొమ్మ ఎండినట్టుంటే బెరడు గోటితో గీకి చూడండి. కింద పచ్చగా తడిగా ఉంటే బతికే ఉంది. నిజంగా ఎండిన పుల్లలు మాత్రం కోసి, దూరంగా తీసుకుపోయి కాల్చెయ్యండి. మందులు చెబుతారు, నిజమే. గానీ నలభై అడుగుల చెట్టుకి ఇళ్ళ మధ్య మందు కొడితే ఆ మందు పడేది నీళ్ళ బిందెల మీద, పిల్లల నెత్తి మీద. నేనయితే వద్దంటాను.

ఇక మాను మొదలు. చెట్టు చావు సగం పైన కాదు, కింద మొదలవుద్ది. సబ్‌ప్లాన్ నిధులతో మన పల్లెలకి సిమెంటు రోడ్లు వచ్చినయ్. రావాలి, కొట్లాడి తెచ్చుకున్నాం. కానీ కాంట్రాక్టరు మాను గొంతుదాకా సిమెంటు పోసి పోతాడు. తిండి తెచ్చే వేళ్ళు ఎక్కువగా పైన రెండడుగుల మట్టిలోనే ఉంటయ్, కొమ్మల నీడ దాటి కూడా పోతయ్. వాటికి గాలి కావాలి. రోడ్డు వేసే రోజే ఎదురు నిలబడి, మాను చుట్టూ కనీసం రెండు బారలు మట్టి వదలమని పట్టుబట్టండి. మురుగుకాలవ తవ్వేటప్పుడు ఒక పక్క లావు వేళ్ళన్నీ తెగ్గొడితే ఆ చెట్టుకి ఆ పక్క పట్టు పోయినట్టే. అరుగు కట్టేటప్పుడు మానుకి మట్టి ఎత్తబాకండి. మట్టిలో మునిగిన బెరడు కుళ్ళుద్ది. మొదట్లో చెత్త పోగేసి అంటించే అలవాటు మానాలి, ఆ సెగకి బెరడు కింద పొర ఉడికిపోద్ది. రాలిన ఆకు అక్కడే వదలండి. ముఖ్యంగా బాపట్ల వైపు ఇసక నేలల్లో ఆ ఆకే ఎరువు, ఆ ఆకే తేమ. ఫ్లెక్సీలకి మేకులు కొట్టేదాంట్లో మన నాయకుల పుట్టినరోజులు కూడా ఉన్నయ్, ఇక్కడ కూర్చున్నోళ్ళు నన్ను తిట్టుకున్నా సరే.

అయితే ఏ చెట్టూ తియ్యొద్దని నేననడం లేదు. మనిషి ప్రాణం ముందు. మాను తొర్ర పడినంత మాత్రాన ప్రమాదం కాదు, చేవ పోయినా గొట్టం గట్టిదే. మానుని కర్రతో కొట్టి చప్పుడు వినండి, చిన్న బరమాతో ఒకచోట చూడండి. రెండడుగుల అడ్డకొలత ఉన్న మానుకి చుట్టూ నాలుగంగుళాలకి తగ్గకుండా గట్టి చెక్క ఉండాలి. అంతకి తగ్గితే ఆలోచించాలి. మొదట్లో పుట్టగొడుగులు లేచినా, వానాకాలంలో మాను కొత్తగా ఒక పక్కకి ఒరిగి, రెండో పక్క నేల నెర్రె ఇచ్చినా, పంగలో నిలువునా చీలిక పడినా ఆ చెట్టు ఇంటి మీదకి ఉంటే దింపెయ్యాల్సిందే. నేల నెర్రె ఇచ్చిందంటే ఆ రాత్రే ఆ పక్క ఇళ్ళల్లో పడుకోబాకండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు పడగొట్టాలంటే అనుమతి కావాలి, కొన్ని జాతులకి మినహాయింపు ఉంది. అర్జీ రాసి, ఫొటోలు పెట్టి, రసీదు తీసుకోండి. ఊళ్ళో పెద్దోడు పది చెట్లు కొట్టినా అడగనోడు, పల్లెలో ఒక్కటి కొడితే కేసంటాడు. ఆ రసీదు మన చేతిలో ఉండాలి.

చివరిగా ఎక్కేవాడి సంగతి. తెనాలిలోనైనా బాపట్లలోనైనా బంగళాల్లో కొమ్మలు కొట్టేది ఎవరు? మన పిల్లలు. కరెంటు లైన్ల కింద కొమ్మలు కొట్టడానికి కాంట్రాక్టరు తీసుకుపోయేది ఎవరిని? మన పిల్లల్నే. తాడు ఉండదు, నడుముకి పట్టా ఉండదు, నెత్తిన టోపీ ఉండదు. లైను ఆపారో లేదో ఫోన్లో ఎవడో చెబుతాడు, నమ్మి ఎక్కాలి. పడితే ఆసుపత్రిలో దింపి, చేతిలో ఐదు వేలు పెట్టి మాయమవుతారు. తమ్ముళ్ళారా, లైను ఆపినట్టు లైన్‌మన్ వచ్చి మీ కళ్ళ ముందు ఎర్త్ వేసిందాకా ఎక్కబాకండి. వానలో ఎక్కబాకండి. తాగి ఎక్కబాకండి. ఒంటరిగా ఎక్కబాకండి. నడుము తాడు మీ కూలిలో భాగం, అది లేకపోతే పని లేదని చెప్పండి. ప్రధానమంత్రి సురక్షా బీమా అని బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదంలో మనిషి పోతే కుటుంబానికి రెండు లక్షలు వస్తది. పేరు ఎవరిదైనా డబ్బు మనదే, కట్టించండి. సరిగ్గా కొయ్యడం నేర్చినోడు కట్టెలు కొట్టే కూలీ కాదు, పనిమంతుడు. మూడు కోతల పనికీ ఒక్క వేటు పనికీ ఒకటే కూలి తీసుకోబాకండి.

తాడి గురించి ఒక్క మాట మిగిలింది. దానికి ఒక్కటే మొవ్వ. మొవ్వ కొడితే ఇక పిలక లేదు, చిగురు లేదు, చెట్టు అయిపోయింది. ఎండు మట్టలు దించుకోండి, పచ్చవి నాలుగు తీసుకున్నా ఫరవాలేదు, మొవ్వ జోలికి పోబాకండి. కొబ్బరికీ అంతే.

పల్లెకొక మంచి వంపు రంపం, ఒక నిచ్చెన, వంద అడుగుల నైలాన్ మోకు, రెండు నడుము పట్టాలు కావాలి. ఇవన్నీ ఒక ఇంటివాడు కొనలేడు. పల్లెలో ఇంటికి కాస్త వేసుకుంటే వస్తయ్. డ్వాక్రా సంఘం దగ్గర ఉంచితే ఎక్కువ రోజులు మన్నుతయ్, మగాళ్ళ దగ్గర ఉంచితే ఎవడో ఒకడు తాకట్టు పెడతాడు. సంక్రాంతి దాటాక రేపల్లె వైపు పల్లెల్లో మొదలుపెడదామనుకుంటున్నాం. ఏ పల్లెలో ఎన్ని చెట్లున్నాయో, ఎవరెవరు ఎక్కగలరో ఇప్పుడు బయట బల్ల దగ్గర రాయించి పోండి. జై భీమ్.